ఏడో ఫారంలో గాడిద

మా ఆయనకి పుస్తకాలు కుట్టడం వృత్తి, చదవడం జబ్బు. పోనీ లోకజ్ఞానం పెంచే పుస్తకాలేమైనా చదువుతారా అంటే అదీ లేదు. మంత్రాల కోటలు, మాట్లాడే జంతువులు, మాయమయ్యే రాజులు. అలాంటి పుస్తకం ఒక్కటి బైండింగుకి వచ్చిందంటే ఆ పూటకి మా ఇంట్లో పని గోవిందా. గిన్నెలో జిగురు గడ్డకడుతుంది, కిటికీ అవతల వచ్చినవాళ్లు పిలిచి పిలిచి విసిగిపోతారు, మనిషి మాత్రం ఏ రాక్షసుడి గుహలోనో తిరుగుతూ పలకరు.

వీధిలో ఆయన్ని అందరూ దబ్బనం గారంటారు. దబ్బనం అంటే పుస్తకం వెన్నులో కన్నాలు పొడిచే లావుపాటి సూది. ఉద్యోగాలు చేసేవాళ్లు జేబులో కలం పెట్టుకుంటారు, ఈయన దబ్బనం పెట్టుకుంటారు. వంగినప్పుడల్లా అది జారి ఎవరి కాలి మీదో పడుతుంది. నన్నేమో దబ్బనం గారి భార్య అంటారు. పెళ్లయి ఇరవై ఆరేళ్లయినా ఆ పిలుపు వింటే నాకు ఒళ్లు మండుతుంది.

మా ముందు గదే పని గది. వీధి వైపు కిటికీ, దాని పక్కన ఆయన కుట్టే బల్ల, గోడ వారగా పుస్తకాలు బిగించే ఇనప ప్రెస్సు, మూలన మైలుతుత్తం కలిపి కాచిన జిగురు. మైలుతుత్తం వేస్తే పుస్తకం జోలికి పురుగు రాదు. పెళ్లయిన కొత్తలో ఆ వాసనకి నేను కూడా వచ్చేదాన్ని కాదు. ఎదురు గోడ పక్కన నా బల్ల ఉంటుంది. ఆ గది నేల ఎగుడుదిగుడు, అందుకని నా బల్ల ఆరేడేళ్లకోసారి ఊగడం మొదలుపెడుతుంది. ఊగినప్పుడల్లా నేను ఇల్లు ఎగిరిపోయేలా గోల చేస్తాను. ఆయన కిక్కురుమనకుండా గోనెగుడ్డలో ఏదో చుట్టి తెచ్చి కాలి కింద దోపుతారు. అలా దోపగా దోపగా ఇప్పుడు నాలుగు కాళ్ల కిందా నాలుగు పొట్లాలున్నాయి.

మా పని గురించి నాలుగు ముక్కలు చెప్పకపోతే నా పాపం మీకు అర్థం కాదు. పెద్ద కాగితం మీద అటూ ఇటూ కలిపి పదహారు పేజీలు అచ్చేసి మడతపెడితే దాన్ని ఫారం అంటాం. అలాంటివి పన్నెండో పదిహేనో వరసగా పేర్చి కుడితే పుస్తకం. ఏది ముందో ఏది వెనకో తెలియడానికి ప్రతి ఫారం మొదటి పేజీ అడుగున చిన్న అంకె, దాని పక్కన పుస్తకం పేరులో మొదటి అక్షరం వేస్తారు. పాత పుస్తకం వస్తే దారాలు కోసి, ఫారాలు విడదీసి, చిరిగిన మడతలకి పల్చటి కాగితం అతికించి, మళ్లీ వరసలో పేర్చడం నా పని. కుట్టి, అంచులు కోసి, అట్ట కట్టడం ఆయన పని.

పనిలో నాది గొప్ప చెయ్యని నేనే చెప్పుకుంటాను, చెప్పేవాళ్లు వేరే లేరు కాబట్టి. ఆయన కట్టిన అట్ట వెంట్రుకవాసి వంకరపోయినా ఊరుకోను. "ఇరవై ఆరేళ్లలో నా చేతిలో ఒక్క ఫారమైనా తారుమారయిందా, చెప్పండి" అని నిలదీస్తాను. ఆయన తలొంచుకుని అట్ట ఊడదీస్తారు. కూర మాడినా, కిటికీ వెయ్యకపోతే వాన లోపలికొచ్చినా, తప్పు ఎవరిదైనా సరే, నేను ఆ ఒక్క మాట అనేస్తే వాదన అయిపోతుంది. పని దగ్గర చదవకూడదని రూలు పెట్టిందీ నేనే. బల్ల ముందు కూర్చున్నవాళ్లు పేజీ అడుగున అంకె చూడాలి, పైన కథ చూడకూడదు. చదివే చెయ్యి ఆగుతుంది, ఆగిన చెయ్యి తప్పు చేస్తుంది.

ఈ మాట నాకెలా తెలుసంటే, ఆ తప్పు నేనే చేశాను కాబట్టి.

పెళ్లయిన ఐదో నెల. మా పుట్టింట్లో ఆడపిల్ల చేతిలో కథల పుస్తకం కనబడితే మా అమ్మ దాన్ని నేరుగా పొయ్యిలోకి పంపేది. అలాంటి ఇంటి నుంచి వచ్చి, ఎటు చూసినా పుస్తకాలే ఉన్న ఇంట్లో పడ్డాను. అయినా ముట్టుకోవాలంటే భయం. ఆ వాసన, ఆ కొత్త మనుషులు, మాట పడకుండా ఉండాలన్న బెంగ, అన్నీ కలిసి ముఖం ముడుచుకుని పని చేసుకుపోయేదాన్ని. ఆ రోజుల్లో పుస్తకాలు అద్దెకిచ్చే దుకాణదారు ఒకాయన రెండు నవలలు తెచ్చారు. ఒకటి 'తొమ్మిది తలుపుల కోట', రెండోది 'ఉప్పు దొంగ'. రెండూ ఒకే ప్రెస్సులో అచ్చయినవి, ఒకే కాగితం, ఒకే అక్షరాలు, ఒకేలా పసుపెక్కాయి. ఆయన కిటికీ దగ్గర నా వైపు వీపు పెట్టి కుట్టుకుంటున్నారు. నేను రెంటి దారాలూ కోసి రెండు దొంతులు పేరుస్తున్నాను.

'ఉప్పు దొంగ' ఏడో ఫారం చేతిలోకి తీసుకున్నాను. పేజీ మొదట్లోనే ఒక ముసలి గాడిద. "తలుపు వెయ్యి, చలి" అంటోంది. అంతే, నా కళ్లు అంకె దగ్గరికి దిగలేదు. ఆ గాడిదకి పొగరు, తిండి ధ్యాస, ఎవర్ని పడితే వాళ్లని తిట్టే నోరు. పదహారు పేజీలూ నిలబడి చదివేశాను. నవ్వు ఆగక కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఇంతలో ఆయన దగ్గారు.  గబగబా చేతిలో ఉన్నది ఒక దొంతిలో పెట్టి, బల్ల మీదున్న ఇంకో పుస్తకం ఏడో ఫారాన్ని రెండో దొంతిలో పెట్టేశాను. అంకె చూశాను, ఏడే. పక్కన అక్షరం చూడలేదు. 'ఉ' ఉండాల్సిన దొంతిలో 'తొ', 'తొ' ఉండాల్సిన దొంతిలో 'ఉ' చేరాయి.

నాలుగు రోజులయ్యాక ఒక సాయంత్రం ఆయన 'తొమ్మిది తలుపుల కోట' పట్టుకుని లోపలికొచ్చారు.

"ఇది పాతబడిపోయిందట, వద్దన్నాడాయన. మనమే ఉంచుకుందాం."

"మరి రెండోది?" అన్నాను.

"అది ఎవరికో కావాలంటే ఇచ్చేశాను."

నేను కూర తరుగుతుంటే ఆయన గుమ్మంలో కూర్చుని చదివి వినిపించడం మొదలుపెట్టారు. ఇప్పటికీ నడుస్తున్న ఆ అలవాటు ఆ రోజే మొదలైంది. రాకుమారి మాంత్రికుడి కోటలోకి వెళ్తుంది, ఒక్కో తలుపూ తెరుస్తుంది, ఒక్కో గండం దాటుతుంది. మూడు సాయంత్రాలకి తొంభై ఆరో పేజీ చివరికి వచ్చాం. "రాకుమారి వణుకుతున్న చేతులతో తొమ్మిదో తలుపు తోసింది. లోపల చీకట్లో నిలబడి ఉన్నది" అని చదివి పేజీ తిప్పారు.

"ఒక ముసలి గాడిద. 'తలుపు వెయ్యి, చలి' అంది."

నా చేతిలో కత్తి ఆగిపోయింది. ఆయన ఒక్క క్షణం ఆగి నా వైపు చూశారు. నేను వంకాయ వైపు చూశాను. "భలే మలుపు" అని ఆయన కడుపు చెక్కలయ్యేలా నవ్వి, ముందుకు చదివారు. నేను బతికిపోయాననుకున్నాను.

ఆ ఫారం చివర ఏముందో వినండి. "గాడిద చెవులు విదిల్చి, ఒళ్లు విరుచుకుని, మెల్లగా లేచి" అన్న చోట పేజీ అయిపోతుంది. తర్వాతి పేజీ నిజానికి రాకుమారిది. అది "ఒక్క వేటుతో మాంత్రికుడి తల నరికింది" అని మొదలవుతుంది. మన భాషలో రాకుమారి నరికినా నరికిందే, గాడిద నరికినా నరికిందే. దేవుడు కూడా పట్టుకోలేనంత చక్కగా అతికింది. అలా మా ఇంట్లో మాంత్రికుణ్ణి చంపింది గాడిద అయింది. ఆ వెంటనే రాకుమారికి కిరీటం పెడతారు, గాడిద ఊసెత్తినవాళ్లు ఉండరు.

దాని మీద మా ఆయన చేసిన ఉపన్యాసాలు అన్నీ ఇన్నీ కావు. "ప్రాణం మీదికి తెచ్చుకుని కోట గెలిపించింది గాడిద, కిరీటం మాత్రం రాకుమారికి. ఏ ఇంట్లోనైనా ఇంతే కదా" అని నా వైపు ఓరగా చూసేవారు. మా అమ్మాయి ఆ గాడిద కథ వినందే అన్నం తినేది కాదు. ఇప్పుడది చిన్నపిల్లల బడిలో టీచరు, అక్కడా గాడిద కథే చెబుతుంది. వీధి పిల్లలందరికీ ఆ గాడిద తెలుసు. ఒక్క ఫారం నా చేతిలోంచి జారి ఇంత దూరం వెళ్లింది.

ఇక నా బాధ. ఆ కథలు నాకు గిట్టవని లోకమంతా చాటుకున్నాను. "ఈయనకి పనీ పాటా లేదు" అంటూ కూర తరుగుతాను, చెవులు మాత్రం అక్కడే ఉంటాయి. ఇరవై ఆరేళ్లుగా నన్ను తినేస్తున్న ప్రశ్న ఒక్కటే. తొమ్మిదో తలుపు వెనక నిజంగా ఏముంది? ఆ ఏడో ఫారం 'ఉప్పు దొంగ' కడుపులో కూర్చుని ఎవరింటికో వెళ్లిపోయింది. కోట నవల మళ్లీ అచ్చవలేదు. పాత పుస్తకాల దుకాణాల్లో ఎవరూ చూడకుండా వెతికాను, దొరకలేదు. ఆయన్ని అడుగుదామంటే నా గొప్ప చెయ్యి సంగతి బయటపడుతుంది.

ఇలా ఉండగా మా తమ్ముడు మా ఇంటికి పెద్ద టీవీ తెచ్చి బిగించాడు. వాడిది కరెంటు సామాన్ల దుకాణం. ఎవరింటికి వెళ్లినా ముందు రిమోట్ చేతిలోకి తీసుకుని గానీ కూర్చోడు, అందుకని మా అమ్మాయి వాణ్ణి రిమోట్ మావయ్య అంటుంది. వాడే వార్త తెచ్చాడు.

"బావా, నీ తలుపుల కోటని సీరియల్ తీశారు. ఎనిమిది భాగాలట. ఆదివారం ఆదివారం సాయంత్రం ఒకటి వేస్తారు."

మా ఆయన ముఖం వెలిగిపోయింది. నా ముఖం ఎలా ఉందో నేను చూసుకోలేదు.

ఆదివారాలు వెనక గదిలో అందరం చేరేవాళ్లం. ఆయన కుర్చీలో, మా అమ్మాయి చాప మీద, తమ్ముడు రిమోట్ పట్టుకుని మంచం మీద. నేను గుమ్మంలో, ఊరికే బట్టలు మడతపెడుతున్నట్టు. ఒకే దుప్పటి నాలుగుసార్లు మడతపెట్టిన రోజులున్నాయి. సీరియల్ బాగానే తీశారు. తలుపులు ఒక్కొక్కటీ నిజంగా కిర్రుమంటుంటే ఒళ్లు జలదరించేది. మా ఆయన మాత్రం రాకుమారి వైపు చూసేవారు కాదు. వెనకాల మూలల్లో చూసేవారు.

"అదిగో, ఆ గడ్డి చూశారా? గాడిద కోసమే పెట్టి ఉంటారు."

"అది గుర్రాలశాల బావా."

"గుర్రం పక్కన గాడిద ఉండకూడదని ఉందా?"

నాలుగో భాగం, ఐదో భాగం, ఆరో భాగం. గుర్రాలొచ్చాయి, గుడ్లగూబలొచ్చాయి, ఒక మొసలి కూడా వచ్చింది. తమ్ముడు వదలలేదు. "బావా, మొసలికి చెవులు పెట్టి సరిపెట్టుకుంటావా?" అని ఏడిపించేవాడు. ఏడో భాగం రాకుమారి ఎనిమిదో తలుపు దాటడంతో అయిపోయింది.

"ఇక ఒక్క భాగమే ఉంది. గాడిదా లేదు, గాడిద గుడ్డూ లేదు" అన్నాడు తమ్ముడు. "బావా, నువ్వు చదివిన పుస్తకం వేరే అయి ఉంటుంది. లేకపోతే అల్లి చెప్పి ఉంటావు. ఇన్నేళ్లూ మమ్మల్నందర్నీ వెర్రివాళ్లని చేశావు."

"మావయ్యా, పుస్తకంలో ఉంది. నేను కూడా చదివాను" అంది మా అమ్మాయి.

"అచ్చులో ఉన్నదాన్ని తెర మీద చూపించి తీరాలి" అన్నారు మా ఆయన. జేబులోంచి దబ్బనం తీసి టీవీ ముందు బల్ల మీద పెట్టారు. "తొమ్మిదో తలుపు తెరిస్తే గాడిద ఉంటుంది. లేకపోతే ఇక ఈ ఇంట్లో నేను కథ చెప్పను. చదివి వినిపించను. ఒట్టు. ఆ ఆదివారం దాకా కూడా కథలు బంద్."

తమ్ముడు సరదాపడి చెయ్యి కలిపాడు. నాకు మాత్రం అది సరదాగా లేదు. ఆ మనిషికి మొండితనం ఎంతో నాకు తెలుసు. ఒకసారి ఒట్టేసి మానేసిన చుట్ట మళ్లీ ముట్టుకోలేదు.

ఆ వారం రోజులూ ఎలా గడిచాయో చెబితే మీరు నవ్వుతారు. సాయంత్రం పని కట్టేశాక ఆయన గుమ్మంలో కూర్చుంటారు, చేతులు ఖాళీగా ఒళ్లో పెట్టుకుని వీధి చూస్తారు. నేను కూర తరుగుతాను. కత్తి చప్పుడు తప్ప ఇంట్లో ఇంకో చప్పుడు లేదు. మొదటి రోజు హాయిగా ఉందన్నాను. రెండో రోజు బెండకాయలు తరగబోయి వేలు తెగింది. మూడో రోజు నాకు ఏడుపొచ్చింది, ఉల్లిపాయల మీదికి నెట్టేశాను. ఆ గొంతు లేకపోతే ఈ ఇంట్లో నాకు ఉన్నది మైలుతుత్తం వాసన ఒక్కటే అని ఆ రోజు బాగా తెలిసొచ్చింది.

నాలుగో రోజు మెల్లగా కదిపాను.

"ఏవండీ, అంత పంతం దేనికి? సీరియల్ వాళ్లు మార్చి తీసి ఉంటారు."

"గాడిదనా? కథంతా దాని మీదే నిలబడితే ఎలా మారుస్తారు?"

"పోనీ పుస్తకంలోనే ఏదైనా పొరపాటేమో."

ఆయన తీరిగ్గా ఆలోచించారు. "పొరపాటంటే రెండే రకాలు. ఒకటి అచ్చు తప్పు. అచ్చు తప్పు పదహారు పేజీలుండదు. రెండోది ఫారం తప్పు." ఇక్కడ ఆగి నా వైపు తిరిగారు. "ఫారాలు పేర్చింది నువ్వు. ఇరవై ఆరేళ్లలో నీ చేతిలో ఒక్క ఫారమైనా తారుమారయిందా, చెప్పు."

నా మాట నాకే అప్పజెప్పారు.  "లేదు" అన్నాను. 

"మరింకేం. గాడిద వస్తుంది" అని ఆయన మళ్లీ వీధి వైపు తిరిగారు.

ఆఖరి ఆదివారం వచ్చింది. ఎదురింటి టైలరు, ఆయన భార్య కూడా వచ్చి కూర్చున్నారు, పందెం సంగతి తమ్ముడు వీధంతా టముకు వేశాడు మరి. వేయించిన పల్లీలు పళ్లెంలో పోసి పెట్టాను, నేను ఒక్కటీ తినలేదు. దబ్బనం బల్ల మీదే ఉంది. తెర మీద రాకుమారి మెట్లు దిగుతోంది. దివిటీ ఆరిపోయింది. తొమ్మిదో తలుపు ముందు నిలబడింది. వణుకుతున్న చెయ్యి తలుపు మీద వేసింది.

నేను మా ఆయన్ని చూశాను. కుర్చీ అంచుకి జరిగి, చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఇంకో నిమిషంలో ఆ తలుపు తెరుచుకుంటుంది, అందులో ఏముందో చూడాలని నేను ఇరవై ఆరేళ్లుగా చస్తున్నాను. తెరుచుకుంటే నా కోరిక తీరుతుంది, నా గుట్టు నిలబడుతుంది. ఇంట్లో కథ మాత్రం ఆగిపోతుంది. నలుగురి ముందు ఆయన అబద్ధాలకోరవుతారు.

తమ్ముడి చేతిలోంచి రిమోట్ లాక్కున్నాను. రాకుమారి తలుపు మీద చెయ్యి వేసి అలాగే ఆగిపోయింది.

"గాడిద రాదు" అన్నాను.

"అక్కా, రిమోట్ ఇటివ్వు" అన్నాడు తమ్ముడు.

"నోరు మూసుకుని విను. గాడిద రాదు. అది ఈ కథలోది కాదు. ఏడో ఫారం నేను తారుమారు చేశాను. అది వేరే పుస్తకంలోది. పని దగ్గర నిలబడి చదివాను, నవ్వుకుంటూ తప్పు దొంతిలో పెట్టాను. ఆయన ఉన్నది ఉన్నట్టే చదివారు. తప్పు నాది."

గదిలో అందరూ నన్ను చూస్తున్నారు. టైలరు నోట్లో పల్లీ నోట్లోనే ఉంది. మా అమ్మాయి "అమ్మా, నువ్వా?" అంది. నువ్వు తప్పు చేశావా అని కాదు, నువ్వు కథ చదివావా అని. 

మా ఆయన మెల్లగా లేచారు. బల్ల మీది దబ్బనం తీసి జేబులో పెట్టుకున్నారు.

"వచ్చింది" అన్నారు.

"ఏం వచ్చింది?"

"గాడిద. ఇరవై ఆరేళ్లు పట్టింది, అయినా నీ నోటి వెంట వచ్చింది."

ఆయన ముందు గదిలోకి నడిచారు, మేమంతా వెనకాలే వెళ్లాం. నా బల్ల ఒక మూల ఎత్తి పట్టుకోమని తమ్ముడికి చెప్పి, కాలి కింది పొట్లం లాగారు. అన్నిటికన్నా పాతది, నేను ఐదో నెలలో బల్ల ఊగుతోందంటే పెట్టింది. గోనెగుడ్డ విప్పితే లోపల 'ఉప్పు దొంగ'. అట్ట చెక్కు చెదరలేదు.

"మీకు తెలుసా?" అన్నాను.

"కుడుతున్నప్పుడే చూశాను. ఎన్ని చూశాను, అంకె పక్కన అక్షరం చూడనా?"

అరికాలి మంట నెత్తికెక్కింది. "తెలిసీ కుట్టారా? తెలిసీ నా చేత మాటలు పడి ఇన్నేళ్లు అట్టలు ఊడదీశారా? ఆ దుకాణదారుకి ఏం చెప్పారు?"

"ఆయనకి వేరే రెండు నవలలు వెతికిచ్చాను. తప్పు పుస్తకాలు ఎలా ఇస్తాను?"

"నాకు చెప్పొచ్చుగా."

ఆయన పుస్తకం మీద దుమ్ము చొక్కాతో తుడిచారు. "ఐదు నెలలయింది నువ్వొచ్చి. ఒక్కసారి నవ్వలేదు. ఆ రోజు కిటికీ అద్దంలో కనిపించావు. కొంగు నోట్లో కుక్కుకుని, నిలబడి, ఆ పదహారు పేజీలూ. ఫారం తప్పని చెప్తే నువ్వు మళ్లీ జన్మలో పుస్తకం ముట్టవు. అందుకని అలాగే కుట్టేశాను."

 ఇన్నేళ్లూ ఆయన ఆ కథ ఎవరికి చదువుతున్నారో నాకు అప్పుడు తెలిసింది. కళ్లు తుడుచుకుంటే తమ్ముడు చూస్తాడని పుస్తకం లాక్కుని తొంభై ఏడో పేజీ తెరిచాను. ఇంత దాకా వచ్చాక టీవీలో ఎవరు చూస్తారు? గట్టిగానే చదివాను.

"రాకుమారి వణుకుతున్న చేతులతో తొమ్మిదో తలుపు తోసింది. లోపల చీకట్లో నిలబడి ఉన్నది" అని గుర్తున్న మాటలు చెప్పి, పేజీలో ఉన్నది అందుకున్నాను. "పదో తలుపు."

 మొదట నవ్వింది టైలరు భార్య. ఆ తర్వాత ఇక ఎవరాపుతారు? ఇరవై ఆరేళ్లు నేను కడుపులో దాచుకుని కుమిలిపోయింది ఇంకో తలుపు కోసమా? నిజం చెబుతున్నాను, ఆ ఫారం పదహారు పేజీలూ అక్కడే చదివాను, చప్పగా ఉంది. గాడిద వెయ్యి రెట్లు నయం.

"కోసి మళ్లీ సరిగ్గా పేరుద్దామా?" అని మా ఆయన కత్తెర అందించారు.

"ఆ పుస్తకం మీద కత్తెర పెట్టారంటే చేతులు విరగ్గొడతాను" అన్నాను. "మాంత్రికుణ్ణి గాడిదే చంపింది. అంతే."

"బావా, పందెం?" అన్నాడు తమ్ముడు. వాడి బాధ వాడిది.

"గాడిద వస్తుందన్నాను. టీవీలోనే రావాలన్నానా?" అని మా ఆయన గుమ్మంలో కూర్చుని పుస్తకం ఒళ్లో పెట్టుకున్నారు. నేను దాచకుండా ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను.

వింటూ వింటూ ఉండగా నాకో అనుమానం వచ్చింది, నా చేతిలో తారుమారయింది ఆ ఒక్క ఫారమేనా అని. తల తిప్పి నా బల్ల చూశాను. ఒక కాలి కింద పొట్లం పోయింది, ఇంకా మూడు కాళ్ల కింద మూడున్నాయి.

"ఏవండీ, ఆ మూడు పొట్లాల్లో ఏమున్నాయి?"

ఆయన పుస్తకంలోంచి తలెత్తలేదు. "ఏదో పాత సామాను" అని నవ్వు ఆపుకుంటూ పేజీ తిప్పారు. ఆ నవ్వు నాకు తెలుసు.

ఆ ఆదివారం నుంచి నా బల్ల ఊగుతోంది. ఫారాలు పేరుస్తుంటే కుడివైపు ఒరిగిపోతోంది, జిగురు గిన్నె రెండుసార్లు ఒలికింది. నేను మాత్రం నోరెత్తడం లేదు.